ఒకటో నంబరు పునుగు

పెదగరువు పురపాలక సంఘానికి అన్నీ ఉన్నాయి. ఆఫీసుంది, ఆఫీసు ముందు జెండా కర్ర ఉంది, ఊళ్ళో దోమలకు ఏ లోటూ రాకుండా చూసే మురుగు కాలువ ఉంది. లేనిదల్లా అందం. ఈ కొరత ఇన్నేళ్ళుగా ఎవరినీ బాధపెట్టలేదు. పైనుంచి ఆ సర్క్యులర్ వచ్చిన రోజునే తన ఊరు ఎంత అనాకారిగా ఉందో కమిషనరు పరాంకుశం గారికి తెలిసొచ్చింది.

రాష్ట్రంలో ప్రతి పట్టణమూ ఫోటోగ్రాఫర్లకు ఉత్తేజం కలిగించే ఒక వస్తువునో స్థలాన్నో గుర్తించి, దాన్ని ‘పట్టణ దృశ్య ప్రేరణ’గా ప్రకటించాలని ఆ సర్క్యులర్ ఆజ్ఞ. గుర్తించలేని పట్టణాల కమిషనర్లు స్వయంగా రాజధానికి వచ్చి, ఎందుకు గుర్తించలేకపోయారో చెప్పుకోవాలి. పక్క ఊరికి లైట్‌హౌసుంది. ఆ పైన ఊరికి కొంగలు వాలే మడ అడవి ఉంది. పరాంకుశం గారు జీపు వేసుకుని ఊరంతా గాలించారు. నీళ్ళ ట్యాంకు దగ్గర ఆగి కాసేపు ఆశగా చూశారు కూడా. దాని చుట్టూ మొలల వైద్యుడి ప్రకటన ఉంది. ఆయన నిట్టూర్చి, రాజధాని ప్రయాణానికి సిద్ధపడ్డారు. అక్కడ గేటు దాటాలంటే పాసు కావాలి, పాసుకు ఫోటో కావాలి. అందుకని సాయంత్రం పూట బజారులోని వనజా ఫోటో స్టూడియోకి వెళ్ళారు. పెదగరువుకు పట్టిన యోగమంతా ఆ నాలుగడుగుల్లోనే ఉంది.

ఆ స్టూడియో చిక్కాల భానోజీది. ఒకప్పుడు చుట్టుపక్కల ఏ పెళ్ళి జరిగినా తాళి కట్టేముందు పంతులు గారు భానోజీ ఉన్నాడో లేడో చూసుకునేవారు. ఆకాశంలో ఎగిరే కెమెరాలు వచ్చాక నేల మీద నిలబడి ఫోటో తీసేవాణ్ణి పిలవడం మానేశారు. ఇప్పుడతనికి మిగిలినవి పాస్‌పోర్టు ఫోటోలు, పోయినవాళ్ళ ఫోటోలు పెద్దవి చేసి దండ వేయడానికి వీలుగా ఫ్రేము కట్టడం. ఇంటిని నిజంగా నడిపేది స్టూడియో ముందు రేకుల చూరు కింద అతని భార్య సత్యవేణి వేసే పునుగులే. ఆ సంగతి భానోజీకీ తెలుసు, సత్యవేణికీ తెలుసు. తెలిసినట్టు ఇద్దరిలో ఎవరూ పైకి అనరు. అందువల్ల వాళ్ళ కాపురం చాలా కాపురాలకన్నా సజావుగా ఉంది.

సత్యవేణి పునుగుల గురించి ఎంత చెప్పినా తక్కువే. పిండి ఎంత పులియాలో అంతే పులుస్తుంది. పైన కరకర, లోపల దూది. అల్లం పచ్చడిలో ముంచి నోట్లో వేసుకుంటే ఎంత పొగరుబోతైనా కాసేపు మాట్లాడకుండా ఉంటాడు. ఊళ్ళో తగాదా పడ్డవాళ్ళు కూడా సాయంత్రం ఆ పొయ్యి చుట్టూ పక్కపక్కనే నిలబడి తినేవారు.

కమిషనరు గారు రావడానికి కొన్నాళ్ళ ముందు, ఒక రోజు వాన వెలిసి, రేకు అంచు కింద నుంచి ఎండ వాలుగా దూరింది. భానోజీ చేతిలో బాదం ఆకు, ఆకులో నాలుగు పునుగులు. అందులో ఒకదాని మీద ఆ ఎండ పడింది. ఉల్లిపాయ ముక్క మాడిన చోట నల్లని లోయ, పిండి పొంగిన చోట ఎర్రని కొండ, చమురు మెరిసే చోట సన్నటి ఏరు. పెళ్ళిళ్ళు తగ్గిన తర్వాత అతనికి కెమెరా పట్టుకోవాలనిపించడం అదే మొదటిసారి. లోపలికి పరిగెత్తి, మూలన పడున్న పెద్ద లెన్సు తుడిచి తెచ్చాడు.

"ఏంటండీ అది? తినేదాన్ని ముందెట్టుకుని అలా మోకాళ్ళేసుకు కూకోడమేంటి? సల్లారిపోద్ది" అంది సత్యవేణి.

"ఉండవే. ఎండ పోద్ది."

"ఎండ రేపూ వస్తది. అది సల్లారితే మళ్ళీ వేడెక్కదు."

భానోజీ వినలేదు. ఆ ఫోటోని తలుపంత పెద్దది చేసి, స్టూడియో గోడకు తగిలించుకున్నాడు. తినడం మర్చిపోయాడు. పునుగు చీమలకు పోయింది.

పరాంకుశం గారు పాసు ఫోటోకి కుర్చీలో కూర్చుని, గడ్డం పైకెత్తమంటే ఎత్తి, గోడ వైపు చూసి అలాగే ఉండిపోయారు.

"ఇది ఏ గ్రహమయ్యా?"

"గ్రహం కాదండి, పునుగండి."

"పునుగా?"

"ఆయ్. మా ఆవిడ వేస్తదండి. ఇదుగో, బయటే."

పరాంకుశం గారు బయట బాండీని చూశారు. గోడను చూశారు. మళ్ళీ బాండీని చూశారు. ఆయన కళ్ళు చెమర్చాయి. కళ చూసి కరిగిపోయారని భానోజీ పొంగిపోయాడు. రాజధాని ప్రయాణం తప్పిందన్న ఆనందమని తర్వాతెప్పుడో తెలిసింది.

వారం తిరక్కుండానే పెదగరువు పట్టణ దృశ్య ప్రేరణగా పునుగును ప్రకటించారు. మైకు కట్టిన ఆటో ఊరంతా తిరిగింది. "ఇందుమూలముగా పెదగరువు పురప్రజలందరికీ తెలియజేయడమేమనగా, ఇకమీదట మన పట్టణమందు లభ్యమగు పునుగు కేవలము తినుబండారము కాదు. అది ప్రేరణ. కావున పౌరులు దానిని తగు గౌరవముతో చూడవలెను." సభ పెట్టి భానోజీకి శాలువా కప్పి ‘దృశ్య ప్రేరణ ప్రదాత’ అని బిరుదిచ్చారు. మండుటెండలో కూడా అతను ఆ శాలువా తీయలేదు. బజార్లో నడుస్తుంటే కాళ్ళు నేల మీద ఆనడం లేదు. సత్యవేణికి కూడా సంతోషంగానే ఉంది.

"శాలువా దళసరిగా ఉందండి. చలికాలం కప్పుకోవచ్చు" అంది.

ఊరికి పిచ్చి పట్టింది. ఇంజనీరింగు సెక్షనులో ఒకాయనకు పునుగులో ఏనుగు కనిపించింది. పన్నుల సెక్షనులో ఒకావిడకు స్వర్గస్థుడైన మామగారు కనిపించి కోపంగా చూశాడు. రోడ్డు మీద గుంట పడిందని ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్ళిన మనిషికి, ఆ గుంట ఆకారం పునుగుకు దగ్గరగా ఉన్నందున పూడ్చే విషయం పరిశీలనలో ఉందని జవాబొచ్చింది. ఇదంతా చూసి భానోజీ నవ్వుకున్నాడు. నవ్వుకోవడానికి అతనికి దొరికిన ఆఖరి అవకాశం అదే.

ఎందుకంటే ప్రేరణ అని ప్రకటించాక దాన్ని కాపాడాలి కదా. పరాంకుశం గారికి ఆ ఆలోచన ఒక సాయంత్రం పొయ్యి దగ్గర జనాన్ని చూస్తుండగా వచ్చింది. ఆటో తోలే ఏసుదాసు పునుగు మీద పునుగు పచ్చడిలో ముంచి గుటుక్కుమనిపిస్తున్నాడు. కమిషనరు గారి ముఖం పాలిపోయింది.

"ఆపండి!" అన్నారు. "ఇక్కడ జరుగుతున్నదేమిటో ఎవరైనా గమనించారా? ఒక పునుగు వంటి పునుగు మరొకటి లేదు. తింటే పోయినట్టే, పోతే మళ్ళీ రాదు. ఈ పట్టణ ప్రజలు ప్రతి సాయంత్రమూ తమకు తెలియకుండానే ప్రభుత్వ దృశ్య సంపదను పచ్చడిలో ముంచి ధ్వంసము చేయుచున్నారు!"

ఏసుదాసు నోట్లో ఉన్నది మింగాలో ఉమ్మాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

మర్నాటికి నియమావళి తయారైంది. అందులో మొదటి మాట: "ముందు చిత్రము, పిమ్మట భక్షణము." వేసిన ప్రతి పునుగుకూ నంబరుండాలి. ప్రతి నంబరునూ తూర్పు, దక్షిణ, పడమర, ఉత్తర దిక్కుల నుంచి ఫోటో తీయాలి. ఈశాన్యం ఐచ్ఛికం. నంబరు వేసిన దానినే పునుగుగా పరిగణించాలి. ఆ పైన పునుగును ఉత్తమం, మధ్యమం, సామాన్యం అని మూడు తరగతులుగా విభజించాలి. సామాన్యమైతే తినవచ్చు. మధ్యమమైతే పరిశీలన తర్వాత తినవచ్చు. ఉత్తమమైతే ఎవరూ తినకూడదు, గాజు జాడీలో పెట్టి, చీమలు పట్టకుండా కర్పూరం ఉండలు వేసి పురపాలక ఆఫీసులో భద్రపరచాలి.

ఈ పనికి ప్రేరణాధికారిగా నరహరిశెట్టిని వేశారు. అతను నిన్నటిదాకా ఊరకుక్కల లెక్కలు చూసేవాడు. కుక్కలకు నంబర్లు వేసిన అనుభవం పనికొస్తుందని కమిషనరు గారి అభిప్రాయం. పునుగు కరవదు కాబట్టి నరహరిశెట్టి కూడా ఇది ప్రమోషనే అనుకున్నాడు. ఫోటోలు తీసే బాధ్యత ఎలాగూ ప్రేరణ ప్రదాతది. స్టూడియోలో తెల్లటి గుడ్డ పరిచి, దీపాలు పెట్టి, భానోజీ శాలువాతో సహా సిద్ధమయ్యాడు. బయట సత్యవేణి వాయి తీసి పళ్ళెంలో వేస్తే, లోపల శెట్టి ఒక్కొక్కదాని కింద చీటీ పెడతాడు, భానోజీ ఫోటో తీస్తాడు, శెట్టి తల వాల్చి చూసి తరగతి చెబుతాడు. ఈలోగా జనం వాకిట్లో నిలబడి ఆవులిస్తారు.

"శెట్టిగారూ, నాది అయ్యిందాండి?" అని అడిగాడు ఏసుదాసు మొదటి సాయంత్రం.

"మీది మధ్యమం. నైరుతి భాగమున కొంత విషాదము గోచరించుచున్నది. పరిశీలించవలసి యున్నది."

"నాకు ఆకలి గోచరిస్తందండి బాబూ!"

"ఆకలి మా పరిధిలోకి రాదు."

పునుగు చేతికొచ్చేసరికి చల్లబడి గట్టిపడేది. అందంగా ఉన్నవి అసలు రావు. నాలుగు రోజులకే జనానికి కిటుకు తెలిసిపోయింది. "సత్తెవేణక్కా, నాకు అందం సందం లేనియ్యి ఓ ప్లేటు ఏరి పెట్టవే" అనడం మొదలుపెట్టారు. జీవితమంతా గుండ్రంగా వేయడానికి పేరుపడ్డ మనిషి, వేళ్ళతో పిండి ఎలాపడితే అలా విదిలించి అష్టవంకరలవి వేసింది. వాటిని చూసి నరహరిశెట్టి లేచి నిలబడ్డాడు.

"అపూర్వం! నవ్య ధోరణి! అన్నీ ఉత్తమమే. జాడీ తీసుకురండి."

అందంగా వేస్తే అందంగా ఉన్నాయని ఉంచేసుకున్నారు, వంకరగా వేస్తే కొత్తగా ఉన్నాయని ఉంచేసుకున్నారు. ఆఫీసులో అలమారలు నిండిపోయి జాడీలు మెట్ల మీదికి వచ్చాయి. బజారంతా కర్పూరం వాసన. జనం ఒక్కొక్కరే బస్టాండు దగ్గర సమోసాల కొట్టుకు మళ్ళారు. సమోసాలో ఎవరికీ ఏ ప్రేరణా కలగలేదు కనుక అది వేడిగా దొరుకుతోంది.

ఒక సాయంత్రం పళ్ళెం నిండా మిగిలిపోయిన పునుగులు పట్టుకుని, పోనీ ఆవుకైనా పెడదామని సత్యవేణి రోడ్డు మీదికి వెళ్ళబోయింది. నరహరిశెట్టి అడ్డం నిలబడ్డాడు.

"ఆవు భక్షణం గురించి నియమావళిలో ఎక్కడా లేదమ్మా. పైకి రాసి కనుక్కోవాలి."

సత్యవేణి పళ్ళెం అక్కడే పెట్టి, లోపలికొచ్చి, దీపాలు ఆర్పుతున్న మొగుడి ఎదురుగా నిలబడింది.

"ఏవండీ, మీ అమ్మ ఈ పొయ్యి నా చేతికిచ్చిన్నాటి నుంచీ నా పునుగు సల్లారాక ఎవరూ తిన్లేదు. నిన్న ఓ ముసలాయన నమల్లేక జేబులో ఏసుకుని పోయాడు. నాకు సిగ్గేసింది. పెద్దాఫీసరెవరో శనివారం వస్తన్నాడంట. ఆరోజు దాకా సూస్తాను. ఆ పైన ఈ పొయ్యిలో నీళ్ళోసేసి అమలాపురం పోతాను. అక్కడ బట్టల కొట్లో చీరలు మడతెట్టడానికి మనుషులు కావాలంట."

"అది కాదే, సత్యా…"

"మిమ్మల్నేం అనట్లేదండి. మీకు పేరొచ్చింది, నాకూ సంతోషమే. కానీ నాకొచ్చింది ఈ ఒక్క పనే. అది కూడా పనికి రాకుండా పోయింది."

తిట్టి ఉంటే భానోజీ తట్టుకునేవాడు. తిట్టకపోయేసరికి అతనికి దుఃఖం ఆగలేదు. శాలువా తీసి మడతపెట్టాడు. పెళ్ళిళ్ళు పోయిన రోజుల్లో ఒక్క మాట అనకుండా ఇల్లు నడిపిన మనిషి పొయ్యి తన ఫోటో వల్లే ఆరిపోబోతోందన్నది అతనికి మొదటిసారి సూటిగా తగిలింది. పొద్దున్నే కమిషనరు గారి దగ్గరికి వెళ్ళాడు.

"నా ఫోటో వెనక్కి తీసుకుంటానండి. నాకు ఏ ప్రేరణా కలగలేదనుకోండి."

పరాంకుశం గారు జాలిగా చూశారు. "కలిగిన ప్రేరణను ఉపసంహరించుటకు ప్రస్తుతం వీలు లేదయ్యా. అందుకు ఉపసంహరణ సంఘం ఉండాలి. అది ఏర్పడలేదు. అదీకాక శనివారం సలహాదారు హయగ్రీవం గారు తనిఖీకి వస్తున్నారు. మనకు ఆదర్శ ప్రేరణ పట్టణం హోదా రాబోతోంది."

"మా ఆవిడ పొయ్యి ఆర్పేస్తానంటందండి. పునుగు ఆవిడదే కదండీ?"

"ఎవరన్నారు? వేయడం మాత్రమే ఆవిడది. వేశాక ప్రభుత్వానిది."

శనివారం వచ్చింది. రేకుల చూరు ముందు షామియానా వేశారు. జాడీలన్నీ వరుసగా పేర్చారు. దృశ్య ప్రేరణ సలహాదారు హయగ్రీవం గారు పెద్ద కారులో దిగారు. నెమ్మదిగా మాట్లాడతారు, మాట్లాడేటప్పుడు కళ్ళు మూసుకుంటారు. నరహరిశెట్టి జాడీల వైపు దారి చూపించబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"నేను ఫలితమును చూడను. మూలమును చూచెదను. కుర్చీ పొయ్యి పక్కన వేయండి."

ఇన్నాళ్ళలో మొదటి వాయి వేసేటప్పుడు ఏ అధికారీ పొయ్యి దగ్గర నిలబడలేదు. శెట్టి ఆ సమయానికి లోపల చీటీలు సర్దుకునేవాడు. ఇప్పుడు అందరూ చుట్టూ చేరారు. చుట్టూ ఎందరున్నా సత్యవేణి చేసే పని మారదు. నూనె కాగింది. పిండిలో చెయ్యి ముంచి ఒక్కటంటే ఒక్కటి వదిలింది. అది పైకి తేలి ఎర్రబడగానే చిల్లుల గరిటతో తీసి, కళ్ళకద్దుకుని, పొయ్యి నోట్లో మంటలోకి వేసేసింది. ఆ తర్వాతే మిగతా వాయి వేయడం మొదలుపెట్టింది.

హయగ్రీవం గారు కళ్ళు తెరిచారు. "ఇప్పుడేమి చేసితిరమ్మా?"

"తొలిదండి. అగ్గికి."

"ప్రతిదినమూ ఇటులనే చేయుదురా?"

"మా అత్తగారి అత్తగారి నాటి నుంచీ అంతేనండి. అగ్గి తినకుండా మడుసులు తింటారేంటి?"

హయగ్రీవం గారు శెట్టి వైపు తిరిగారు. "ప్రేరణాధికారిగారూ, మీరు ఒకటో నంబరును దేనికి వేయుచున్నారు?"

"పళ్ళెంలోకి వచ్చిన మొదటిదానికండి."

"అది రెండవది కదా?"

"చిత్తం."

"మీరు రెండు అన్నది?"

"మూడండి." శెట్టి చీటీలు తిరగేశాడు. "మొదటి రోజు నుంచీ అంతేనండి."

ఒక్కో సాయంత్రం నంబర్లు ఒక్కోటి చొప్పున తప్పు. జాడీల మీది చీటీలన్నీ తప్పు. పరాంకుశం గారికి రాజధాని గేటు కళ్ళముందు కదిలింది.

"తొందరపడవద్దు," అన్నారు హయగ్రీవం గారు. "తొలి పునుగుకు ఒకటో నంబరు వేసి, చతుర్దిక్కుల నుండి చిత్రములు తీసి, పిమ్మట అగ్నికి సమర్పించిన సరిపోవును."

సత్యవేణి గరిట కిందపెట్టింది. "అదెలా కుదురుద్దండి? నంబరేసి, అటు తిప్పి ఇటు తిప్పి, నలుగురూ సూశాక పెడితే అది ఎంగిలండి. ఎంగిలిది అగ్గికి పెడతామా?"

"ఫోటో తీస్తే ఎంగిలి ఏమిటమ్మా? నోటితో తినలేదు కదా."

"కంటితో తిన్లేదాండి? మీ ఇంట్లో దేవుడి పెసాదం ముందు మీరు రుచి సూసి, బాగుందనుకున్నాక దేవుడికి పెడతారాండి?"

గుంపులోంచి ఏసుదాసు అన్నాడు. "అగ్గి జోలికెళ్ళకండి బాబూ. మేం శిలువ ఏసుకునేవోళ్ళం, మేమే దానికి అడ్డురాలేదు."

పరాంకుశం గారు హయగ్రీవం గారి చెవిలో ఏదో గొణిగారు. ప్రజల మనోభావాలు అన్న మాట మాత్రం అందరికీ వినపడింది. హయగ్రీవం గారి ముఖం ఒక్కసారి చిన్నదైపోయింది. ఆచారాన్ని ముట్టుకుంటే బదిలీ, నంబరును ముట్టుకుంటే ఆడిట్టు. ఎటు చూసినా నూనె కాగుతూనే ఉంది.

"తమరు అనుమతిస్తే పొయ్యినే ఒకటో నంబరుగా నమోదు చేయవచ్చునండి" అన్నాడు శెట్టి.

"పొయ్యి భక్ష్యము కాదు."

"పోనీ, అగ్నికి వేసే దానికి బదులుగా ప్రతినిధి పునుగు ఒకటి ముందుగా వేయిస్తే?" అన్నారు పరాంకుశం గారు.

"ముందేస్తే అదే తొలిది అవుద్దండి," అంది సత్యవేణి. "అదీ అగ్గికే."

బాండీలో వాయి ఎర్రబడి, ముదురు రంగులోకి తిరుగుతోంది. తీయడానికి లేదు. తీస్తే నంబరు వేయాలి, వేయడానికి నంబరు లేదు. "మాడిపోతన్నాయండీ" అంది సత్యవేణి. పక్కనే బిందెలో నీళ్ళున్నాయి. ఆమె చూపు పొయ్యి మీంచి బిందె మీదికి వెళ్ళడం భానోజీ చూశాడు.

ఇన్నాళ్ళుగా శెట్టి పక్కన నిలబడి ఫోటోలు తీస్తూ భానోజీ ఆ భాష వినీ వినీ నేర్చేసుకున్నాడు. దాన్ని ఎప్పుడైనా వాడాల్సి వస్తుందని అనుకోలేదు. గొంతు సవరించుకుని, చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"అయ్యా, తమ సమక్షమున ఒక సందేహం సమర్పించుకుంటున్నానండి. ఒకటో నంబరు నమోదు కానిదే రెండో నంబరు వేయవచ్చునాండి?"

"వేయరాదు" అన్నారు హయగ్రీవం గారు.

"రెండు వేయనిదే మూడు?"

"ఎంతమాత్రమూ వేయరాదు."

"నంబరు వేయనిది నియమావళి ప్రకారం పునుగు అవుతుందాండి?"

నరహరిశెట్టికి నియమావళి కంఠతా వచ్చు. "‘నంబరు వేసిన దానినే పునుగుగా పరిగణించవలెను’ అనియే ఉన్నదండి" అన్నాడు ఉత్సాహంగా, తను ఏ గోతిలో కాలు పెడుతున్నాడో తెలియక.

"అయితే బాండీలో ఉన్నవేంటండి?"

హయగ్రీవం గారు కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు మూసుకున్నారు. నిద్రపోయారేమోనని పరాంకుశం గారు దగ్గబోతుండగా పెదవులు కదిలాయి. "రాసుకోండి. పెదగరువు పట్టణమందు పునుగు ఉత్పత్తి ఇంకను ప్రారంభము కాలేదు. బాండీయందు కనబడుచున్నవి నూనెలో వేగిన పిండి ముద్దలు మాత్రమే. వీటికి నియమావళి వర్తింపదు. వీటిని ఎవరైనను, ఎప్పుడైనను, ఎంత వేడిగానైనను తినవచ్చును."

"మరి జాడీల్లో ఉన్నవండి?" అన్నాడు శెట్టి ఏడుపు గొంతుతో.

"అవియు పిండి ముద్దలే. కాకపోతే ఎండినవి."

"మా హోదా అండి?" అన్నారు పరాంకుశం గారు, ప్రాణం గొంతులో పెట్టుకుని.

"హోదాకు భయమేల? ఉత్పత్తియే లేనిచోట ధ్వంసమెక్కడిది? దృశ్య ప్రేరణ నష్టము ఏమాత్రమూ లేని ఏకైక పట్టణము రాష్ట్రమందు మీదే! ఆదర్శమన్నచో ఇది ఆదర్శము."

చప్పట్లు మిన్నంటాయి. ఆ చప్పుడులో సత్యవేణి బాండీలో గరిట పెట్టి, కాస్త ముదిరిన ఆ వాయిని ఒక్క ఊపులో తీసేసింది.

"అక్కా, పిండి ముద్దలు ఓ ప్లేటు!" అని అరిచాడు ఏసుదాసు. ఆ వెనకాల ఇంకొకరు, ఆ వెనకాల బస్టాండు వైపు నుంచి పరుగెత్తుకుంటూ మరికొందరు. ఇంజనీరింగు సెక్షనూ పన్నుల సెక్షనూ ఒకే ఆకులో చేతులు పెట్టాయి. కొత్త వాయి పడుతోంది, పడ్డది పడ్డట్టు లేస్తోంది. హయగ్రీవం గారు కూడా ఒకటి పచ్చడిలో ముంచి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, "ఈ పిండి ముద్ద అచ్చం పునుగువలెనే యున్నదే!" అని ఆశ్చర్యపోయారు. సత్యవేణి పొయ్యి ముందు చెమటలు కక్కుతూ పకపకా నవ్వింది. ఆమె అలా నవ్వి చాలా రోజులైంది. భానోజీకి కడుపు నిండిపోయింది.

పొద్దు వాలింది. సత్యవేణి ఒక ఆకులో నాలుగు వేసి మొగుడి చేతికిచ్చింది. భానోజీ చూశాడు. పైన ఉన్నదాని మీద ఎండ పడింది.

అలాంటిది అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఒక పక్క సముద్రం, మీద ఒంటరి పడవ, ఆ వెనక అస్తమిస్తున్న వెలుగు. మాడిన ఉల్లిపాయ ముక్క పడవకు తెరచాపలా నిలబడింది. గోడ మీద వేలాడుతున్న ఫోటో దీని ముందు ఎందుకూ పనికిరాదు. అతని కుడి చెయ్యి తనకు తెలియకుండానే మెడలోని కెమెరా మీదికి పోయింది. ఆ కదలిక చూసి నరహరిశెట్టి నమలడం ఆపాడు. అతని చెయ్యి చీటీల జేబులోకి పోయింది. పరాంకుశం గారు మెడ సాచారు. అవతల హయగ్రీవం గారు ఒక కన్ను తెరిచారు.

"భానోజీ," అన్నారు పరాంకుశం గారు మెల్లిగా, "అందులో ఏమైనా కనిపిస్తోందా?"

సత్యవేణి గరిట అలాగే పట్టుకుని మొగుడి వైపు చూస్తోంది.

భానోజీ ఆ సముద్రాన్ని, పడవను, తెరచాపను, సూర్యుడితో సహా ఎత్తి నోట్లో వేసేసుకున్నాడు. లోపల నిప్పులా ఉంది. అంగిలి కాలింది, కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఏమీ కనిపించలేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నోరు మాత్రం తెరవలేదు.

సత్యవేణి అల్లం పచ్చడి అతని ముందుకు జరిపింది.